కాళ్ళు వాస్తే గుండె పరీక్ష ఎందుకు?

అంబాజీపేట_అబ్బాయి
మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్ళు. కొబ్బరికాయల కొట్టు మాది. పొద్దున్న ఆరింటికి కుర్చీలో కూర్చున్నారంటే భోజనానికి తప్ప రాత్రి ఎనిమిది దాకా లేవరు. మూడు వారాల నుంచి సాయంత్రం అయ్యేసరికి రెండు పాదాలూ పొంగిపోతున్నాయి. చెప్పు విప్పితే పట్టీ అచ్చు అలాగే ఉండిపోతోంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడుతోంది, నేను పది లెక్కపెట్టినా పూడటం లేదు. తెల్లారేసరికి మళ్ళీ మామూలే.

డాక్టరుగారికి చూపిస్తే కాలు ఒక్క నిమిషం చూసి గుండెకి ఎకో, కిడ్నీకి రక్తపరీక్ష, యూరిన్, లివర్, థైరాయిడ్ అన్నీ రాసిచ్చారు. వాచింది పాదం. గుండె ఎక్కడ, పాదం ఎక్కడ? "కాలు చూపిద్దామని వెళ్తే ఒళ్ళంతా తవ్వుతానంటున్నాడు" అని నాన్నగారు కోప్పడి ఆ కాగితం సొరుగులో పడేశారు. ఇది చాలనట్టు పక్కింటావిడ వచ్చి బోదకాలేమో అని వెళ్ళింది. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు.

ఇన్ని పరీక్షలు నిజంగా కావాలా? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి. నేను ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలి, లేకపోతే కదలరు.

చెరువుగట్టు_భీమవరం
ఏమీ అక్కర్లేదండి. మా అమ్మకీ ఇంతే. రాత్రి కాళ్ళ కింద రెండు దిళ్ళు పెడితే పొద్దున్నకి దిగిపోతుంది. కిందటేడు నాకు మోకాలి నొప్పని వెళ్తే నాలుగు వేల రూపాయల పరీక్షలు చేయించారు. అన్నీ నార్మల్. ఆ డబ్బుతో చెరువుకి మేత వచ్చేది.

ముమ్మిడివరం_సిస్టర్
పరీక్షల సంగతి తర్వాత, ముందు వీటికి జవాబు చెప్పండి. రెండు కాళ్ళూ ఒకేలా వాస్తున్నాయా? నడిస్తే ఆయాసం వస్తోందా? వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నారా? పొద్దున్న లేవగానే మొహం, కళ్ళ కింద ఉబ్బు ఉంటోందా? మూత్రం నురగ కడుతోందా? ఈమధ్య కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా?

అంబాజీపేట_అబ్బాయి
రెండూ ఒకేలా వాస్తున్నాయి సిస్టర్. ఆయాసం లేదు, సంత దాకా నడిచి వస్తారు. ఒక్క దిండు మీదే పడుకుంటారు. మొహం ఉబ్బు లేదు. నురగ గురించి అడగలేదు, అడుగుతాను. రెండు నెలల క్రితం బీపీ మాత్ర మార్చారు. పట్టీ మీద ఆమ్లోడిపిన్ అని ఉంది.

లాకుల_బాబి
మా నాన్న లాకుల దగ్గర లస్కరుగా చేశారు. నేను పుట్టింది పెరిగింది కాలవగట్టు మీదే. మీ నాన్నగారికి అర్థమయ్యే భాషలో ఒకటి చెప్తాను, చూడండి.

ఒంట్లో నీళ్ళకి రెండు దార్లు. వచ్చే దారి, పోయే దారి. మన డెల్టాలో గోదారి మీది ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ప్రధాన కాలవ, దాన్నుంచి బ్రాంచి కాలవలు, వాటి నుంచి పంట బోదెలు, బోదె నుంచి చేలోకి. ఒంట్లో ఇవి ధమనులు. చేలో మిగిలిన నీరు మురుగు డ్రెయిన్లోకి దిగి సముద్రం దారి పడుతుంది. ఒంట్లో అవి సిరలు. చేను మునిగిందంటే తప్పు చేనుది కాదు. పైన ఎక్కువ వదిలారా, కింద డ్రెయిన్ పూడిందా, దాని నోరు మూసుకుపోయిందా చూడాలి. డెల్టాలో పుట్టినవాడెవడూ చేలో నీళ్ళు నిలిస్తే చేలోనే మందు కొట్టడు కదా! పాదం మన ఒంటికి చివరి పల్లం. అక్కడ నీరు నిలిస్తే డాక్టరు పైకి వెళ్ళి చూస్తున్నాడు, అంతే.

పాలకొల్లు_మాస్టారు
బాబిగారి పోలిక బాగుంది కానీ ఒక చోట ఒప్పుకోను. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోలేను. కాటన్ దొర 1852కల్లా పూర్తి చేయించిన ఆనకట్ట అయినా, దాని బదులు వచ్చిన ఇప్పటి బ్యారేజీ అయినా నీటిని ఎత్తి పెడుతుంది, తోయదు. తోసేది పల్లం. గుండె తోస్తుంది. నిమిషానికి డెబ్భైసార్లు, ఒక్కో తోపుకి ఇంచుమించు డెబ్భై మిల్లీలీటర్లు. నిమిషానికి ఐదు లీటర్లు, రోజుకి ఏడు వేల లీటర్ల పైమాటే. మనం పెళ్ళిళ్ళకి తెప్పించే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. అందులోనూ ఒంట్లో ఉన్న రక్తం ఐదు లీటర్లే, అదే తిరిగి తిరిగి వస్తుంది.

రెండో తేడా ఇంకా పెద్దది. మన మురుగు సముద్రంలో కలిసిపోతుంది, తిరిగి ధవళేశ్వరం రాదు. రక్తం రావాలి. అదీ కింద నుంచి పైకి, పల్లానికి ఎదురు! అందుకే కాలి సిరల్లో కవాటాలు ఉన్నాయి.

లాకుల_బాబి
మాస్టారూ, అయితే డ్రెయిన్ నోటి దగ్గర ఉండే, ఒకే వైపు తెరుచుకునే తలుపు లాంటివి అన్నమాట. నీరు బయటికి పోతుంది, సముద్రం పోటు మీదకి వస్తే తలుపు మూసుకుంటుంది.

పాలకొల్లు_మాస్టారు
సరిగ్గా అదే. ఈ మాట క్లాసులో చెప్పుంటే పిల్లలు ఎప్పటికీ మర్చిపోయేవారు కాదు, నాకు అప్పుడు తట్టలేదు.

ఎవరికైనా నమ్మకం లేకపోతే ఇంట్లో చేసి చూడండి. ఇంగ్లండులో విలియం హార్వే అనే వైద్యుడు 1628లో అచ్చు వేయించిన పుస్తకంలో బొమ్మతో చూపించిన పరీక్ష ఇది. మోచేతి పైన తువ్వాలు కాస్త బిగించి కట్టండి. ముంజేతి మీద నీలంగా ఉబ్బుతాయి చూడండి, మనం నరాలు అంటాం గానీ అవి సిరలు. నరాలంటే మెదడు కబుర్లు మోసే తీగలు, అవి చర్మం మీదికి అలా కనపడవు. ఆ సిర మీద అక్కడక్కడ చిన్న ముడిలా లేస్తుంది, కవాటం ఉన్నది అక్కడే. మణికట్టు వైపు ఒక వేలితో సిరని నొక్కిపట్టి, రెండో వేలితో మోచేతి వైపు ఒక ముడి దాటేదాకా రక్తాన్ని తోసేయండి. మధ్య ముక్క చదునైపోతుంది. పైనుంచి ఒక్క చుక్క వెనక్కి రాదు. కింది వేలు ఎత్తారో, చటుక్కున నిండుతుంది. వెంటనే తువ్వాలు విప్పేయండి. నేను ఏటా కనీసం నలభై మంది చేతుల మీద చూపించాను. ప్రతి ఏడూ ఆ నిండే క్షణంలో క్లాసంతా "ఆ!" అనేది.

గోదారి_గాలి
ఇప్పుడే చేశాను. మా ఆవిడ చెయ్యి మీద అద్భుతంగా కనిపించింది. నా చెయ్యి లావు, ఏమీ కనపడలేదు.

ముమ్మిడివరం_సిస్టర్
మాస్టారు కవాటాల దాకా చెప్పారు, పిక్క గురించి నేను చెప్తాను. కవాటం వెనక్కి రానివ్వదు, ముందుకి తోసేది మాత్రం పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా కండ బిగుసుకుని లోపలి సిరని పిండుతుంది, రక్తం ఒక మెట్టు పైకెక్కుతుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 90 దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే 30 లోపుకి పడిపోతుంది. పొద్దస్తమానం కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఆ పిండే పని జరగదు. ఒత్తిడికి సన్నటి కేశనాళికల గోడల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. పడుకుంటే పల్లం పోతుంది కాబట్టి పొద్దున్నకి తీస్తుంది.

కొత్త మాత్ర సంగతి కూడా. ఆమ్లోడిపిన్‌తో చాలామందికి పాదాలు వాస్తాయి. అది సన్న ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. బాబిగారి భాషలో, బోదె తూము బాగా ఎత్తారు, డ్రెయిన్ మాత్రం పాత వెడల్పే. చేలో నీరు నిలుస్తుంది.

అలాగని మాత్ర సొంతంగా ఆపేయకండి. బీపీ ఒక్కసారి ఎగిస్తే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. మార్చాలో తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

చెరువుగట్టు_భీమవరం
చూశారా! కూర్చోవడం, మాత్ర. తేలిపోయింది. ఇక ఎకో దేనికి, కిడ్నీ దేనికి?

ముమ్మిడివరం_సిస్టర్
తేలలేదండి, అనుమానం మాత్రమే. పీహెచ్‌సీలో పద్దెనిమిదేళ్ళు చేశాను, ఒకేలా కనిపించే పాదం వెనక నాలుగు వేరు వేరు జబ్బులు చూశాను.

గుండె కుడి పక్క బలహీనపడితే ఒంట్లోంచి వచ్చే రక్తాన్ని లాక్కోలేదు, వెనక్కి నిలుస్తుంది, కాళ్ళు వాస్తాయి. ఎడమ పక్క బలహీనపడితే ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు ముప్పై కోట్లకి పైనే. వాటన్నిటినీ విప్పి పరిస్తే డెబ్భై చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సెంటున్నర స్థలం దాటుతుంది. అంత జాగా నెమ్ము ఎక్కితే మనిషి పడుకోలేడు. నేను దిళ్ళు ఎన్ని అని అడిగింది అందుకే. లివర్ ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తయారు చేస్తుంది, రక్తంలో నీటిని పట్టి ఉంచేది అదే. లివర్ చెడితే అది తయారవదు. కిడ్నీ జల్లెడ చిల్లు పడితే అదే ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది, నురగ దానిదే. ఎటుపోయినా నీరు నాళంలో నిలవదు. థైరాయిడ్ తగ్గినా ఒళ్ళు వాస్తుంది, కాకపోతే నొక్కితే గుంట పడటం తక్కువ.

ఆ డాక్టరు రాసినవి వరసగా చూడండి. ఎకో, క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష అదే), యూరిన్, లివర్, థైరాయిడ్. ఒక్కొక్క తలుపూ తట్టి చూడటమే అది. రోగి ఎదురుగా కూర్చుని రెండు నిమిషాలు ఇదంతా చెప్పి ఉంటే కాగితం సొరుగులోకి వెళ్ళేది కాదు, ఆ తప్పు మావైపుదే అని ఒప్పుకుంటాను.

తణుకు_అమ్మమ్మ
ఉప్పు తగ్గించమను బాబూ. మా ఆయనకి ఆవకాయ, ఎండుచేప మానిపిస్తే వారంలో కాళ్ళు సన్నబడ్డాయి. రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగించు, ఒంట్లో చెడు నీరంతా పోతుంది.

ముమ్మిడివరం_సిస్టర్
అమ్మమ్మగారూ, ఉప్పు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. రోజు మొత్తానికి ఒక చెంచాకి, అంటే ఐదు గ్రాములకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆవకాయ బద్ద ఒక్కటి వేసుకుంటే దాన్లో ఎంత పోతుందో మీకే తెలుసు.

బోండాం మాత్రం క్రియాటినిన్ రిపోర్టు వచ్చాకే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. బాగున్న కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి మధ్యలో బతికే ఊళ్ళో ఈ మాట చెప్తే నన్ను వింతగా చూస్తారు, అయినా చెప్తూనే ఉంటాను.

తణుకు_అమ్మమ్మ
ఇది నాకు తెలియదమ్మా. మా ఆడపడుచుకి కిడ్నీ జబ్బు, రోజూ తాగుతోంది. ఇప్పుడే ఫోన్ చేస్తాను.

పూతరేకు_ఆత్రేయపురం
మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. పక్కన కూర్చుని ఇదంతా చదువుతోంది. దాని ప్రశ్న: తిన్నది పొట్టలోకి కదా వెళ్తుంది, ఉప్పు కాలికి ఎలా చేరుతుంది?

పాలకొల్లు_మాస్టారు
మంచి ప్రశ్న వేసింది. పాప కోసం కాస్త వివరంగా రాస్తాను.

తిన్నది పొట్టలో ఉండేది కొన్ని గంటలే. ఆ తర్వాత చిన్నపేగు, దాదాపు ఇరవై అడుగులు. దాని లోపలి గోడ నునుపుగా ఉండదు, ముఖమల్ గుడ్డలా సన్నటి పోగులతో ఉంటుంది. ఒక్కో పోగులోకి సన్న రక్తనాళాలు వెళ్తాయి. ఉప్పు, చక్కెర, అరిగిన పప్పులోని ప్రోటీన్ ముక్కలు ఆ నాళాల్లోకి దిగుతాయి. ఆ రక్తం సరాసరి గుండెకి వెళ్ళదు, ముందు లివర్‌కి వెళ్తుంది. అక్కడ తనిఖీ అయ్యాక గుండెకి, అక్కడి నుంచి ఒళ్ళంతా.

ఉప్పు కాలికోసం ప్రత్యేకంగా వెళ్ళదు తల్లీ. అది రక్తంలో ఎక్కడుంటే అక్కడ నీటిని పట్టుకుంటుంది. ఉప్పగా తింటే దాహం వేస్తుంది కదా, ఆ కబురు మెదడుది. తాగిన నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు పల్లానికి చేరుతుంది.

మీ ఊరి పూతరేకు సంగతి ఇంకా చిత్రం. అందులోని బెల్లం రక్తం దారిన పోతుంది. నెయ్యి ఆ దారిన పోదు! ఆ పోగుల మధ్యలో శోషరస నాళం అని ఇంకో సన్న గొట్టం ఉంటుంది, నెయ్యి అందులోకి ఎక్కుతుంది. అది రొమ్ము లోపలినుంచి పైకి పాకి, మెడ కింద ఎడమ పక్క పెద్ద సిరలో కలుస్తుంది. నెయ్యి భోజనం తర్వాత ఆ గొట్టంలో రసం పాలలా తెల్లగా ఉంటుంది.

పూతరేకు_ఆత్రేయపురం
మా నాన్నగారు కూడా విన్నారు. రేపటి నుంచి "ఎడమ మెడ దారి" అనే పిలుస్తారట పూతరేకుని.

లాకుల_బాబి
మాస్టారూ, అంటే ఒంట్లో మూడో దారి ఉందా? ఇన్నాళ్ళూ నేను రెండే అనుకున్నాను.

రాత్రిస్లైడు
ఆ మూడో దారి గురించి రాయడానికే వచ్చాను. ల్యాబ్ టెక్నీషియన్ని, ఫైలేరియా, అంటే బోదకాలు సర్వేల్లో చాలా ఏళ్ళు తిరిగాను.

కేశనాళికల నుంచి ఊరే నీరు చాలావరకు తిరిగి రక్తంలోకే వెళ్తుంది. వెళ్ళకుండా మిగిలేది రోజుకి ఇంచుమించు మూడు లీటర్లు. దాన్ని ఏరుకొచ్చేవే శోషరస నాళాలు. మధ్యలో చెక్‌పోస్టుల్లా బిళ్ళలు ఉంటాయి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి. ముల్లు ఎక్కడ, గజ్జ ఎక్కడ అని అప్పుడు మనం అడగం. పాదం నుంచి వచ్చే నాళం ఆగేది అక్కడే, క్రిములతో పోరాటం జరిగేదీ అక్కడే.

బోదకాలు పురుగు కాపురం పెట్టేది ఈ నాళాల్లో. దారంలా సన్నగా ఉంటుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. డ్రెయిన్లో గుర్రపుడెక్క పెరిగినట్టే. నాళం సాగిపోయి, కవాటాలు పనిచేయక నీరు నిలుస్తుంది. తల్లిపురుగు పెట్టే పిల్లలు పగలు లోపలి నాళాల్లో దాక్కుని రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మన మురుగు గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. అందుకే మేము రాత్రుళ్ళు తలుపులు కొట్టేవాళ్ళం. వేలికి సూది గుచ్చి మూడు చుక్కలు గాజుపలక మీద. తిట్టినవాళ్ళు ఉన్నారు, టీ పెట్టి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకసారి లంకలో ఒక ముసలమ్మ తన వాచిన కాలు లాంతరు వెలుగులోకి చాపి, "నాకు ఎలాగూ అయిపోయింది, నా మనవడి రక్తం చూడు నాయనా" అంది. ఆ పలక మీద మైక్రోస్కోపు కింద పిల్లపురుగు కదులుతుంటే నాకు చెయ్యి వణికింది. పిల్లాడికి అప్పుడే మందు పడింది.

అంబాజీపేట అబ్బాయి అమ్మగారికి చెప్పండి. బోదకాలు ఎక్కువగా ఒక కాలికే ముదురుతుంది, రెండూ అచ్చం ఒకేలా రోజూ సాయంత్రం వాచి పొద్దున్న పూర్తిగా తీయడం దాని తీరు కాదు. ముదిరితే చర్మం మందమై నొక్కినా గుంట పడదు. మొదట్లో గుంట పడొచ్చు కాబట్టి అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించండి, తీరిపోతుంది. కొందరికి ఈ నాళాలు తెగి మూత్రంలో కలిసి పాలలా తెల్లగా వస్తుంది. మాస్టారు చెప్పిన నెయ్యి దారే అది.

ఇంకొక్క మాట. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఇంటికొచ్చి డీఈసీ అనే బోదకాలు మాత్రలు ఇస్తారు కదా, చాలామంది తీసుకుని గూట్లో పెట్టేస్తారు. ఆ మందు కనిపెట్టిన బృందాన్ని అమెరికాలో నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. మన ఊళ్ళ కాళ్ళకి మందు మనూరివాడి చేతి మీదుగా వచ్చింది. ఆ మాత్ర గూట్లో పెట్టకండి, మింగండి. గర్భిణులకీ రెండేళ్ళ లోపు పిల్లలకీ మాత్రం ఇవ్వరు.

చెరువుగట్టు_భీమవరం
మా భీమవరమని తెలుసు గానీ బోదకాలు మందు ఆయనదని తెలియదు. మా గూట్లో నాలుగు పట్టీలు ఉన్నాయి.

రాత్రిస్లైడు
పాత పట్టీలు ఇప్పుడు మింగేయకండి, గడువు చూడండి. ఈసారి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఆవిడ ఎదురుగానే వేసుకోండి.

పాలకొల్లు_మాస్టారు
సుబ్బారావుగారి మాట వచ్చింది కాబట్టి. సిస్టర్ పిక్క కండ అన్నారు, ఆ కండ బిగియడానికి సత్తువ ఎక్కడిది? కండలో దాచిపెట్టుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో, ఆ తర్వాత కండకి సత్తువనిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని బయటపెట్టినవారిలో ఆయన, ఆయన గురువు ఫిస్కే ఉన్నారు. మీరు అడుగు వేసిన ప్రతిసారీ ఖర్చయ్యేది అదే. 1948లో పోయారు, యాభై మూడేళ్ళకే.

కువైట్_రాజోలు
డ్యూటీ దిగి ఇప్పుడే అంతా చదివాను. డ్రైవరు పని, నాకూ కాళ్ళు వాస్తాయి. అది కాదు గానీ ఒకటి అడగాలి. ఊళ్ళో మా ఆవిడకి ఆపరేషన్ అయి పాప పుట్టింది, ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నిన్నటి నుంచి ఎడమ కాలు ఒక్కటే పిక్క దగ్గర గట్టిగా వాచింది, ముట్టుకుంటే నొప్పి, వేడిగా ఉందట. బాలింత వాతం అని మా అత్తగారు నూనె కాచి మర్దన చేస్తున్నారు. ఇది కూడా పడుకుంటే తగ్గేదేనా?

ముమ్మిడివరం_సిస్టర్
తమ్ముడూ, మర్దన ఇప్పుడే ఆపించు. ఈ క్షణం ఫోన్ చెయ్యి. పొద్దున్న దాకా ఆగవద్దు, కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్ళమను. ఒక్క కాలు, నొప్పి, వేడి, కాన్పయి పద్దెనిమిది రోజులు. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాన్పులో రక్తస్రావం ఎక్కువ కాకుండా ఒళ్ళే రక్తాన్ని త్వరగా గడ్డకట్టేలా మార్చుకుంటుంది, ఆ గుణం కొన్ని వారాలు ఉంటుంది. దానికి తోడు బాలింతని మంచం దిగనివ్వరు. పిక్క నొక్కితే ఆ గడ్డ ఊడి పైకి, గుండె కుడి పక్కకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అడ్డం పడొచ్చు. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే 108కి కొట్టమను.

లాకుల_బాబి
రాజోలేనా? మా బావమరిది కారు అక్కడే ఉంది. మీ ఇంటివాళ్ళకి మనిషి కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.

రాత్రిస్లైడు
వెళ్ళగానే "కాలికి డాప్లర్ స్కాన్" అని అడగమనండి. పాలిచ్చే తల్లి అని తప్పకుండా చెప్పాలి, దానికి తగ్గ మందే ఇస్తారు.

కువైట్_రాజోలు
ఫోన్ చేశాను. బయలుదేరారు. బాబన్నా, కారు మీ బావమరిదిదే.

చెరువుగట్టు_భీమవరం
ఏమైంది? ఎవరైనా చెప్పండి. రెండు గంటలైంది.

కువైట్_రాజోలు
స్కాన్ చేశారు. తొడ సిరలో గడ్డ ఉందట. ఇంజెక్షన్లు మొదలెట్టారు, వారం దాకా చూసి మాత్రలకి మారుస్తామన్నారు. పాపకి పాలు ఇవ్వొచ్చన్నారు. ఇంకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు మా అత్తగారికి చెప్పారట, ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆవిడ తప్పేముంది, ప్రేమగానే చేసింది. మీకందరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు.

ముమ్మిడివరం_సిస్టర్
ఆవిణ్ణి ఏమీ అనవద్దు. మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పని సంగతి ఇది. నువ్వు కాస్త నిద్రపో తమ్ముడూ.

అంబాజీపేట_అబ్బాయి
రాజోలు అన్నయ్య పోస్టు చదివాక రాత్రంతా మెలకువే. పొద్దున్న కొట్టు తెరవకముందు కొబ్బరి బిల్లు వెనక బాబిగారి బొమ్మ గీసి నాన్నగారి ముందు పెట్టాను. ధవళేశ్వరం, బోదె, డ్రెయిన్, చేను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి ఒక్కటే అడిగారు: "గుండె బలహీనపడితే కిడ్నీ ఎందుకు చూడాలి?" నా దగ్గర జవాబు లేదు.

ముమ్మిడివరం_సిస్టర్
ఇది ఆయనకి బాగా పడుతుంది. కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడకడతాయి, అంటే ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్నులు తొమ్మిది. అందులో లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. మిగిలిందంతా తిరిగి రక్తంలోకే. అంటే ఎంత ఉంచాలి, ఎంత వదలాలి అన్న తాళంచెవి కిడ్నీ దగ్గర ఉంది.

గుండె బలం తగ్గితే కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు. కిడ్నీకి గుండె సంగతి తెలియదు, ఒంట్లో నీరే తగ్గిపోయిందనుకుంటుంది. రెనిన్ అనే కబురు పంపి ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. శివారు భూముల రైతు నీరందడం లేదని గొడవ చేస్తే పైనుంచి ఇంకా వదులుతారు, శివారుకి అందదు సరికదా మధ్య చేలు మునుగుతాయి. ఇదీ అంతే. నీరు బయటికి పంపే మాత్ర డాక్టరు ఊరికే రాయకుండా ముందు కిడ్నీ పరీక్ష అడిగేది కూడా ఇందుకే.

లాకుల_బాబి
సిస్టర్, మీరు మా నాన్న దగ్గర పని నేర్చుకున్నారా ఏమిటి!

అంబాజీపేట_అబ్బాయి
శివారు మాట చెప్పగానే నాన్నగారు నవ్వారు. మాకు అరెకరం శివారు భూమే. సొరుగులోంచి కాగితం ఆయనే తీశారు. ఎల్లుండి వెళ్తున్నాం.

గోదారి_గాలి
వెళ్ళొచ్చాక రాయండి. మేమందరం ఇక్కడే ఉంటాం.

అంబాజీపేట_అబ్బాయి
పది రోజులైంది, రాయడం ఆలస్యమైంది. ఎకోలో గుండె బాగుంది. యూరిన్లో ప్రోటీన్ లేదు, క్రియాటినిన్, లివర్, థైరాయిడ్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫైలేరియా రక్తపరీక్ష కూడా చేయించాం, లేదని వచ్చింది. అమ్మ ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టింది. కాలి సిరల్లో కవాటాలు కొంచెం వదులయ్యాయట. డాక్టరుగారు బీపీ మాత్ర మార్చారు, మోకాలి కింద దాకా బిగుతు మేజోళ్ళు ఇచ్చారు, పొద్దున్నే మంచం దిగకముందే తొడుక్కోవాలి. గంటకోసారి లేచి కొట్టు చివరిదాకా నడవమన్నారు. కూలీ వెంకన్నని పిలిచి కాయలు లెక్కపెట్టించే పని ఇప్పుడు నాన్నగారే నడిచి చేస్తున్నారు. ఆవకాయ ఆదివారం ఒక్కరోజే.

నిన్న రాత్రి ఆయనే కాలు చాపి బొటనవేలితో నొక్కుకున్నారు. అమ్మ పక్కన కూర్చుని పైకే లెక్కపెట్టింది. మూడు దగ్గర ఆపేసింది.

కువైట్_రాజోలు
చదివి ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ ఇంటికొచ్చింది, మాత్రలు మూడు నెలలన్నారు. వీడియోలో నడుస్తూ కనిపించింది, పాప భుజం మీద ఉంది.

తణుకు_అమ్మమ్మ
మా ఆడపడుచు బోండాలు మానేసింది. డాక్టరు కూడా అదే చెప్పాడట.

చెరువుగట్టు_భీమవరం
మొదట్లో నేను దోపిడీ అన్నట్టు రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను. సిస్టర్ అడిగిన ప్రశ్నలు నిన్న మా అమ్మని అడిగాను. మూత్రం నురగ కడుతోందట, నాలుగు నెలల నుంచి. పొద్దున్న కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి, నేను ఎప్పుడూ చూడలేదు. షుగరు కూడా ఉంది. రేపు తీసుకెళ్తున్నాను. యూరిన్ పరీక్షకి పరగడుపున ఉండాలా?

రాత్రిస్లైడు
యూరిన్‌కి అక్కర్లేదు. లేవగానే వచ్చే మొదటిది, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టండి. సీసా ల్యాబులో అడిగి ఇవాళే తెచ్చుకోండి, ఇంట్లో సీసా వద్దు. షుగరు రక్తపరీక్షకి మాత్రం పరగడుపునే తీసుకెళ్ళండి.